రెండో నురగ

సలహారావు అసలు పేరు అతని గుర్తింపు కార్డులో ఉంది. వీధిలో ఎవరికీ ఆ పేరుతో పని పడలేదు. అతని సెలూన్‌లో కుర్చీ ఎక్కినవాడు తల తేలికై దిగేవాడు గానీ, చెవులు మాత్రం నిండిపోయేవి. మోకాలి నొప్పికి ఏం రాయాలి, కారే పైకప్పుకి ఏం పూయాలి, కోడలితో ఎన్ని మాటల దగ్గర ఆగాలి, అన్నిటికీ అతని దగ్గర సమాధానం సిద్ధం. అడగక్కర్లేదు కూడా. ఎవరైనా నొసలు చిట్లిస్తే చాలు, కత్తెర ఆపకుండానే మొదలుపెట్టేవాడు.

నోటి సంగతి అలా ఉంచండి, చెయ్యి మాత్రం బంగారం. గడ్డానికి రెండుసార్లు నురగ పెట్టేవాడు. మొదటి నురగకి వెంట్రుక వాలిన వైపు గీత, రెండో నురగకి ఎదురు గీత. ఈ రోజుల్లో ఒక్క నురగతో సరిపెట్టేసే వాళ్ల గురించి మాటొస్తే ముఖం మాడ్చుకునేవాడు. కత్తి బుగ్గ మీదకి వచ్చే ముందు ఒకే మాట అనేవాడు: "బుగ్గ." కూర్చున్నవాడు ఆ వైపు బుగ్గ గాలితో పూరించాలి. చర్మం బిగుసుకుంటుంది, కత్తి జారిపోతుంది.

అతని వెనక గోడకి అంకెలు తిరగేసి రాసిన గడియారం ఒకటి ఉంది. ముళ్లు కూడా వెనక్కే నడుస్తాయి. అద్దంలో చూస్తే సరైన టైము కనిపిస్తుంది. కుర్చీలోవాడు మెడ తిప్పకూడదని అతనే పట్టుబట్టి చేయించుకున్నాడు. దాన్ని చూసినప్పుడల్లా అతని బావ, "నీ బుర్ర ఎటు నడుస్తుందో నీ గడియారమూ అటే నడుస్తుందిరా" అనేవాడు.

ఆ బావ రిటైరైన రైలు గార్డు. ముప్పయ్యారేళ్లు పచ్చజెండా ఊపి, ఈల ఊదిన మనిషి. ఉద్యోగం పోయినా నిమిషాల పిచ్చి పోలేదు. మంగళవారం, శుక్రవారం సరిగ్గా తొమ్మిదింటికి సెలూన్ గుమ్మంలో ఉండేవాడు. సలహారావు అక్కని చేసుకున్ననాటి నుంచీ ఆయన గడ్డం ఇంకొకడి చేతికి ఇవ్వలేదు. కానీ బుద్ధిగా కూర్చుంటాడా అంటే కూర్చోడు. రెండో నురగలో, ఎడమ బుగ్గ మీదకి కత్తి రాబోయే క్షణానికి, పూరించిన గాలిని 'ఫుస్సు'మని వదిలేసేవాడు. నురగంతా సలహారావు చొక్కా మీద. "నీకు మనవలు పుట్టారు గానీ బుద్ధి పుట్టలేదు బావా" అని ఇతను తిట్టేవాడు. ఆయన కుర్చీ ఊగిపోయేలా నవ్వేవాడు. వారానికి రెండుసార్లు, ఏళ్ల తరబడి, అదే ఆట, అవే తిట్లు.

సలహారావుకి ప్రపంచంలో అన్నిటికీ మందు తెలుసు, ఒక్క భయానికి తప్ప. అతని తండ్రీ ఇదే పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం తండ్రి మూతి కొంచెం పక్కకి పోయినట్టు కనిపిస్తే, అలసటేలే అని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టారు. తెల్లారేసరికి మాట లేదు, కత్తి పట్టే చెయ్యి లేదు. ఆ తరువాత నాలుగేళ్లు బతికాడు. కొడుకు గడ్డం గీస్తుంటే ఏదో చెప్పాలని పెదవులు కదిపేవాడు, ఏమీ వచ్చేది కాదు. పక్షవాతం అన్న మాట వింటే ఇప్పటికీ సలహారావు చేతిలో కత్తి పక్కన పెట్టేస్తాడు.

అలాంటి మనిషి దగ్గరకి ఒకరోజు ఆరోగ్యవస్తువులు అమ్మే ప్రతినిధి ఒకడు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. నారింజరంగు మూత ఉన్న పెద్ద సీసా తీసి బల్ల మీద పెట్టాడు. విటమిన్లు అన్నాడు. రక్తనాళాలు కడిగేస్తాయన్నాడు. పెద్దవాళ్లు రోజుకి రెండు మింగితే పక్షవాతం గుమ్మం తొక్కదన్నాడు. ఊరందరికీ సలహాలు చెప్పే మనిషి ఆ పూట మొదటిసారి నోరు మూసుకుని ఇంకొకడి సలహా విన్నాడు. ఆ పాడు సలహానే వినాలా అంటే, అదే వినాలనిపించింది మరి.

మర్నాటి నుంచీ తనూ మింగాడు, బావకీ ఒక సీసా ఇచ్చాడు. బావకి ఎనిమిదేళ్లుగా బీపీ. పొద్దున్నే ఒక చిన్న తెల్లమాత్ర. అది వేసుకుంటే ఒళ్లు బరువుగా ఉంటుందని ఆయన సణుగుడు. సలహారావు బ్రష్ నురగలో తిప్పుతూ ఆలోచించాడు. ఆలోచించాడనడం కూడా ఎక్కువే.

"ఆ తెల్లమాత్ర ఆపెయ్ బావా. ఇది నరాలకి బలం. ఇది ఉండగా అదెందుకు? పూచీ నాది" అన్నాడు.

బావకి అంతకన్నా ఏం కావాలి. ఒకటే షరతు పెట్టాడు, అక్కకి తెలియకూడదు. ఆవిడ రోజూ కాఫీకి ముందు తన చేత్తో మాత్ర ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడే రకం. ఆయన దాన్ని నాలుక కింద దాచి, ఆవిడ వెనక్కి తిరగ్గానే తన పాత ఈల ఉండే రేకు డబ్బాలో వేసేవాడు. ఇలా నెలన్నర గడిచింది. ఇద్దరు ముసలాళ్లు, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా, కలిసినప్పుడల్లా కళ్లతో నవ్వుకునేవారు.

ఆ శుక్రవారం కూడా బావ తొమ్మిదింటికే వచ్చాడు. పక్క బల్ల మీద డ్రాయింగు మాస్టారు తన వంతు కోసం పేపరు చదువుతూ కూర్చున్నాడు. మొదటి నురగ సాఫీగా సాగింది. రెండు బుగ్గలూ బావ గుమ్మడికాయల్లా పూరించాడు. ఒకప్పుడు ఎవరో పెళ్లికొడుకు చెప్పు పట్టాల కింద పడిందని రైలు ఎలా ఆపాల్సి వచ్చిందో చెప్పాడు. వందోసారి విన్న ఆ కథకే సలహారావు కొత్తగా నవ్వాడు. తువ్వాలుతో ముఖం తుడుస్తూ అద్దంలో గడియారం చూశాడు, తొమ్మిదీ ఇరవై. వేడినీళ్లు మార్చుకుని, కత్తి తోలుపట్టీ మీద నూరుకుని, రెండో నురగ పెట్టాడు. కుడి బుగ్గ అయింది.

"బుగ్గ."

ఎడమ బుగ్గ పొంగలేదు. ఫుస్సుమంది.

"ఇంకా కత్తి పెట్టనే లేదు, అప్పుడే మొదలెట్టావా?" అని విసుక్కున్నాడు. మళ్లీ "బుగ్గ" అన్నాడు. మళ్లీ ఫుస్సు. నురగ బుడగలై పెదవి మూల నుంచి జారింది. ఈసారి అలవాటైన తిట్టు పూర్తిగా తిట్టాడు, మనవలూ బుద్ధీ అంతా. నవ్వు కోసం ఆగాడు. కుర్చీ ఊగలేదు.

అద్దంలోకి చూశాడు. బావ నవ్వుతున్నట్టే ఉంది, ఒక పక్కనే.

నురగ అడ్డం వచ్చి అలా కనిపిస్తోందేమో అనుకున్నాడు. అలా అనుకోవాలని ఉంది. తువ్వాలు తీసి ఒక్క తుడుపు తుడిచాడు. ఎడమ పక్క పెదవి కిందికి జారి ఉంది. బావ ఏదో అనబోయాడు, మాటలు ముద్దముద్దగా వచ్చాయి. కుర్చీ చేతి మీద ఉన్న ఎడమ చెయ్యి, తనది కానట్టు, ఒళ్లోకి జారిపడింది.

అప్పుడు సలహారావు చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాడు. చెయ్యి దానంతట అది అర మీదకి పోయింది, నారింజరంగు మూత తిప్పింది, రెండు గోళీలు తీసింది. బావ నోటి దాకా తీసుకెళ్లి తన చెయ్యి తనే చూసుకున్నాడు. గోళీలు కిందపడి కుర్చీ అడుగుకి దొర్లాయి.

డ్రాయింగు మాస్టారు లేచి, కాసిని నీళ్లు తాగించి ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడదామన్నాడు. పడుకోబెట్టడం అన్న మాట వినగానే సలహారావుకి తండ్రి మంచం కళ్లముందు కనిపించింది.

"నోట్లో ఏమీ పొయ్యొద్దు, పడుకోబెట్టొద్దు. మీరు ఆయన భుజం పట్టుకోండి" అని, అద్దంలో గడియారం తొమ్మిదిన్నర చూపిస్తుండగా ఫోను అందుకున్నాడు. అంబులెన్సు వాళ్లతో మాట్లాడిన నాలుగు ముక్కలూ ముక్కకి ముక్క అతికినట్టు చెప్పాడు. ఒక్క సలహా కూడా కలపలేదు. ఆ తరువాత అక్కకి చేశాడు. బండి ఎక్కేటప్పుడు, ఎందుకో తెలియదు, సీసాని ఏప్రాన్ జేబులో కుక్కుకున్నాడు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మ చిన్నది, సలహారావు కూతురి వయసు ఉంటుంది. బావ కళ్లలో లైటు వేసి చూస్తూనే, ఆయన చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎప్పుడని అడిగింది.

"తొమ్మిదీ ఇరవైకి బాగున్నాడమ్మా. తొమ్మిదిన్నరకి బాగా లేడు."

ఆవిడ తలెత్తింది. అంత కచ్చితంగా ఎలా చెప్పగలరంది. సలహారావు చెప్పాడు. రెండు నురగల సంగతి, మొదటిదానికి ఎడమ బుగ్గ గట్టిగా నిలిచిన సంగతి, అద్దంలో గడియారం, రెండోదానికి గాలి పోయిన సంగతి. చెబుతూ తన బుగ్గ పూరించి చూపించాడు కూడా. పక్కనున్న నర్సు నవ్వాపుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. బావ దవడ మీద ఇంకా ఆరని నురగని చూసి, టైము రాసుకుంది.

చాలామంది పొద్దున ఎప్పుడో అంటారని, లేదా నిద్రలేచేసరికే ఇలా ఉన్నాడంటారని ఆవిడ చెప్పింది. మెదడులో గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మొదలైన టైము తెలియాలి, కొద్ది గంటల లోపే ఇవ్వాలి, ముందు స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని చూసుకోవాలి. బావని స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్లారు.

అంతలో అక్క వచ్చింది. ఒక కాలికి ఒక జత చెప్పు, రెండో కాలికి ఇంకో జతది. లోపల బావ బీపీ చూసి వచ్చిన డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. బీపీకి మందు వాడుతున్నారా అని అడిగింది.

"రోజూ నా చేత్తో ఇస్తానమ్మా. ఒక్కరోజు తప్పలేదు" అంది అక్క.

సలహారావు నేల చూశాడు. ఆ క్షణంలో నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు, బావ ఇప్పట్లో చెప్పలేడు. అమ్మ పోయాక అతన్ని ఎత్తుకుని తిప్పింది ఈ అక్కే. ఈవిడ ముఖం తిప్పుకుంటే అతనికి వెళ్లడానికి ఇంకో గడప లేదు. ఊరందరికీ అడక్కుండా చెప్పిన నోరు, అడిగినప్పుడు పెగలడం లేదు.

"మానేశాడమ్మా" అన్నాడు చివరికి. "నెలన్నర అయింది. నేనే మానిపించాను. బదులుగా ఇవి ఇచ్చాను." జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

అక్క అతని వైపు చూసింది. సీసా అందుకుని డాక్టరమ్మ చేతికి ఇచ్చింది.

డాక్టరమ్మ సీసా తిప్పి అట్ట మీద సన్నటి అక్షరాలన్నీ చదివింది. ఇంకేమైనా మింగుతున్నాడా, రక్తం పలచనయ్యే మందులేమైనా ఉన్నాయా అని అడిగింది. చెప్పి మంచి పని చేశారంది. బీపీ ఇంత ఎక్కువగా ఎందుకుందో ఇప్పుడు తెలిసిందని, ముందు దాన్ని దించాకే గడ్డ కరిగించే మందు ఇస్తామని చెప్పింది. సలహారావు చేతులు జోడించి, బావకి ఏమీ కాదు కదమ్మా అన్నాడు.

"మేం చెయ్యగలిగింది చేస్తాం. పూచీ మాత్రం ఎవరూ ఇవ్వలేరండీ" అందావిడ.

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

అక్కా తమ్ముడూ ఒకే బెంచీ మీద రెండు చివర్లా కూర్చున్నారు. స్కాన్‌లో రక్తస్రావం లేదన్నారు. బీపీ దిగిందన్నారు. పదకొండు దాటాక మందు ఎక్కిస్తున్నామన్నారు. సలహారావు చొక్కా చేతి మీద నురగ ఎండి తెల్లటి మరకైంది. దాన్ని గోటితో గీకుతూ మధ్యాహ్నమంతా గడిపాడు. సాయంత్రం నర్సు వచ్చి ఇద్దరినీ లోపలికి పిలిచింది. బావ ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. అన్నీ కాదు, రెండు. అక్క ఆ రెండు వేళ్లూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చాడు.

నాలుగు రోజులు అక్క అతనితో మాట్లాడలేదు. అతను పొద్దున్నే వార్డుకి వచ్చేవాడు, మంచానికి అటువైపు నిలబడేవాడు, వెళ్లిపోయేవాడు. ఒకరోజు డాక్టరమ్మ ఆ సీసా సంగతి వివరంగా చెప్పింది. రక్తపరీక్షలో విటమిను తక్కువగా ఉందని తేలితే తామే రాసిస్తారట. సరిగ్గా తినే మనిషికి ఈ గోళీలు పక్షవాతాన్ని ఆపుతాయని నమ్మడానికి ఆధారం లేదట, కొన్ని మోతాదు మించితే కీడు కూడా చేస్తాయట. బీపీ ఉన్నవాడికి అసలు కాపలా ఆ చిన్న తెల్లమాత్రేనట. సలహారావు బుర్ర ఊపుతూ, అడ్డు రాకుండా విన్నాడు. వార్డులో ఉన్న అతని పాత ఖాతాదారు ఒకాయన ఆ దృశ్యం చూసి నమ్మలేకపోయాడు.

అయిదో రోజు అక్క వచ్చి బెంచీ మీద అతని పక్కనే కూర్చుంది. ఈల ఉండే రేకు డబ్బా తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. మూత తీస్తే ఈల కనిపించలేదు, తెల్లమాత్రలే.

"ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు" అంది.

"అవునక్కా."

"మరెందుకు చెప్పావు?"

"డాక్టరమ్మ బావ కోసం అడిగింది కదా. నా కోసం కాదు కదా."

అక్క డబ్బాకి మూత పెట్టింది. "నీ నోరు మీ బావని మంచాన పడేసింది. నీ చెయ్యే ఆయన్ని మళ్లీ లేపింది. నిన్ను ఏమని తిట్టాలో నాకు తెలియడం లేదురా" అంది. కళ్లు తుడుచుకుని, "గడ్డం మాసిపోయింది. వార్డులో ఎవరో గీస్తామంటే మూతి తిప్పేసుకుంటున్నాడు. వచ్చి గియ్యి" అంది.

అలా మొదలైంది. ఫిజియోథెరపీ చేయించే ఆవిడ బావకి రోజూ బుగ్గలు పూరించమని చెప్పింది. అది వినగానే సలహారావు, అది నా పనేనమ్మా అన్నాడు. పొద్దున్నే సెలూన్ తెరవక ముందు, మొదట వార్డులో, ఆ తరువాత అక్క ఇంట్లో, రోజుకో గడ్డం. "బుగ్గ" అనేవాడు. కుడిది పొంగేది. ఎడమది ఫుస్సుమనేది. అతను కత్తి పక్కన పెట్టి, తన వేళ్లతో ఆ పెదవి మూల మూసి పట్టుకుని, మళ్లీ అనేవాడు. విసుగు వచ్చేది బావకే. ఒక్కోరోజు కుడిచేత్తో తువ్వాలు లాగి విసిరికొట్టేవాడు. సలహారావు తీసుకుని మడతపెట్టి, మళ్లీ భుజం మీద వేసుకునేవాడు. చెయ్యి ముందు కోలుకుంది, నడక తరువాత, మాట తేటపడింది. బుగ్గ మాత్రం మొండికేసింది.

సెలూన్‌లో గోడకి ఒక కాగితం వెలిసింది: 'ఇక్కడ క్షవరం మాత్రమే చేయబడును. సలహాలు ఇవ్వబడవు.' వీధివాళ్లకి అది పెద్ద వినోదమైంది. కావాలని కుర్చీ ఎక్కి, ఇల్లు అమ్మాలా వద్దా అని అడిగి, అతను పెదవి కొరుక్కోవడం చూసి నవ్వుకునేవారు. నారింజమూత సీసాలో ఇప్పుడు కత్తులకి రాసే నూనె ఉంది. కానీ పెద్దవాళ్లు ఎవరొచ్చినా నురగ పెట్టేముందు ఒకటే ప్రశ్న: "బీపీ మాత్ర వేసుకున్నారా?" వేసుకోలేదంటే, వేసుకుని రండి, మీ వంతు ఎక్కడికీ పోదని పంపేసేవాడు. డాక్టరు రాసిన మందు డాక్టరు చెప్పకుండా ఆపకూడదని మాత్రం అనేవాడు. అది సలహా కిందకి రాదని అతని వాదన.

ఏడో వారం, మంగళవారం, అద్దంలో గడియారం తొమ్మిది చూపిస్తుండగా గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. బావ ఒక్కడే వచ్చాడు. అక్క వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ నిలబడి చూస్తోంది. కుర్చీ ఎక్కించబోతే వద్దని చెయ్యి ఊపి, తనే ఎక్కి, తనే సర్దుకున్నాడు.

మొదటి నురగ. కుడి బుగ్గ సరే. ఎడమ బుగ్గ అన్నప్పుడు సలహారావు అలవాటుగా పెదవి మూల పట్టుకోబోయాడు. బావ తల పక్కకి లాగేసుకున్నాడు. బుగ్గ మెల్లగా పొంగింది. వణికింది. నిలిచింది. సలహారావు గబగబా గీశాడు, ఎక్కడ పోతుందో అని. తువ్వాలుతో బావ ముఖం తుడిచి, అదే తువ్వాలుతో తన కళ్లూ తుడుచుకున్నాడు. వేడినీళ్లు మార్చాడు. రెండో నురగ పెట్టాడు. కుడి బుగ్గ అయింది.

"బుగ్గ."

ఎడమ బుగ్గ పొంగింది, ఇంకాస్త గట్టిగా. కత్తి దగ్గరికి వెళ్లింది. వెంట్రుకవాసి దూరంలో ఉండగా ఫుస్సుమంది.

సలహారావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గడియారం చూడాలి, టైము గుర్తుపెట్టుకోవాలి, అనుకుంటున్నాడు గానీ ఆ బుగ్గ మీది నుంచి చూపు కదలడం లేదు. అతి కష్టం మీద అద్దంలోకి చూశాడు.

బావ నవ్వుతున్నాడు. కుడి పక్క ముందు నవ్వింది. ఎడమ పక్క వెనకబడింది. సలహారావు కళ్లార్పకుండా ఆ పక్కనే చూశాడు. పెదవి మూల కదిలింది, ఆగింది, మళ్లీ కదిలి, నెమ్మదిగా పైకి వచ్చి రెండో దాన్ని అందుకుంది. కుర్చీ ఊగడం మొదలైంది.

"కాస్త లేటురా" అన్నాడు బావ, ఒక్కో మాటా తూచి పలుకుతూ. "వచ్చింది కదా."

సలహారావు తిట్టడానికి నోరు తెరిచాడు. 'నీకు మనవలు' దాకా వచ్చి వదిలేశాడు. చొక్కా మీద నురగ తుడుచుకోకుండా బావ తల రెండు చేతులతో పట్టుకుని, నడినెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. మలుపు దగ్గర అక్క నవ్వుతోందో ఏడుస్తోందో ఇక్కడి నుంచి తెలియలేదు.

తరువాత ముక్కు ఎగపీల్చుకుని, బ్రష్ వేడినీళ్లలో ముంచి, జీవితంలో మొదటిసారి మూడో నురగ పెట్టాడు.

"బుగ్గ" అన్నాడు.